డెల్టాలో సెకండ్ హ్యాండ్ కారు: ముందు బండి అడుగు చూడండి

ప్రశ్న: మాది రాజోలు దగ్గర ఒక పల్లె. ప్రభుత్వ బడిలో టీచర్ని. బడికి రోజూ రానూపోనూ 40 కిలోమీటర్లు. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు, నెలకోసారి రాజమండ్రి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. డిక్కీ ఉన్న కారు కావాలి. అన్నీ కలిపి నాలుగున్నర లక్షలు దాటలేం. ఇప్పటికి మూడు బండ్లు చూశాం. ఒకటి 2016 డిజైర్ డీజిల్, మీటరు 62 వేలు, మూడో ఓనర్, భీమవరం బ్రోకర్ 4 లక్షల 20 వేలు చెబుతున్నాడు. రెండోది 2014 హోండా సిటీ పెట్రోలు, తెలంగాణ నంబరు, 4 లక్షల 40 వేలు. మూడోది 2018 జనవరిలో రిజిస్టర్ అయిన హోండా అమేజ్ పెట్రోలు, 54 వేలు తిరిగింది, అమలాపురంలో మొదటి ఓనర్ దగ్గరే ఉంది, 4 లక్షల 30 వేలు. మావారు డిజైర్ అంటున్నారు, తమ్ముడు సిటీ అంటున్నాడు. ఏది తీసుకోమంటారు?

జవాబు: టీచరు గారూ, ముందు అమేజ్ చూడండి. సిటీ మీ బడ్జెట్లో పట్టదు. డిజైర్ మంచి బండే గానీ, మీ తిరుగుడుకి డీజిల్ అక్కర్లేదు, పైగా ఆ మీటరు మీద అనుమానం ఉంది. అయితే అమేజ్‌ని కూడా పేరు చూసి కొనకండి. మన డెల్టాలో ఇంజిన్ పోయి మూలపడే బండ్లకంటే అడుగు తుప్పు పట్టి, వైరింగ్ తడిసి మూలపడేవే ఎక్కువ ఏడిపిస్తాయి. ఇంజిన్‌కి రిపేరుంది, ఉప్పు తినేసిన అడుగుకి లేదు.

డీజిల్ లెక్క ముందు తేల్చేద్దాం. రోజుకి 40 కిలోమీటర్లు, నెలకి పాతిక రోజులు, అంటే ఏడాదికి 12 వేల కిలోమీటర్లు. పెట్రోలు బండి లీటరుకి 16 ఇస్తుందనుకుంటే 750 లీటర్లు. లీటరు 110 రూపాయలనుకుంటే 82,500. డీజిల్ బండి 20 ఇస్తే 600 లీటర్లు. లీటరు 98 అనుకుంటే 58,800. ఏడాదికి తేడా సుమారు 24 వేలు. చూడటానికి బాగానే ఉంది. కానీ లక్ష కిలోమీటర్లు దాటిన డీజిల్ బండికి క్లచ్ సెట్టు, ఇంజెక్టర్లు, టర్బో అనే మూడు పెద్ద ఖర్చులు కాచుకుని ఉంటాయి. వాటిలో ఏ రెండు ఒకే ఏడాది వచ్చినా మీ మిగులంతా షెడ్డులో ఇచ్చి రావాలి. నెలకి రెండు వేల కిలోమీటర్లు తిరిగేవాళ్లకి డీజిల్ గిట్టుతుంది. వెయ్యికి పెట్రోలే సుఖం.

ఇక 62 వేల మీటరు సంగతి. 2016లో డీజిల్ డిజైర్ కొన్నవాళ్లు ఎక్కువ తిరగడానికే కొన్నారు. ఇన్నేళ్లలో ముగ్గురు ఓనర్లు కలిసి 62 వేలే తిప్పారంటే కుదరదని కాదు, రుజువు కావాలి. మీటరు తిప్పేవాడు అంకెను తిప్పగలడు గానీ అరుగుదలని తిప్పలేడు. బ్రేకు, క్లచ్ పెడల్ రబ్బర్ల గాట్లు నున్నగా అరిగిపోయాయా, స్టీరింగు పైభాగం మెరుస్తోందా, డ్రైవర్ సీటు తలుపు వైపు అంచు కుంగిందా చూడండి. పెడల్ రబ్బర్లు మాత్రం కొత్తవై, సీటుకి కొత్త కవరు తొడిగి ఉంటే అది ఇంకా అనుమానం. బండి నంబరు తీసుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్తే చివరి సర్వీసు ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్ల దగ్గర జరిగిందో వాళ్ల కంప్యూటర్లో ఉంటుంది. చాలాచోట్ల ఓనర్ ఎదురుగా ఉంటేనే చూపిస్తారు, అందుకని అమ్మేవారిని కూడా తీసుకెళ్లండి. "షోరూం ట్రాక్ ఉందండీ" అని నోటితో చెప్పింది లెక్కలోకి రాదు. టైర్లు కూడా సాక్ష్యమే. టైరు పక్కన కోలగా ఉండే గడిలో నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. మామూలుగా మొదటి టైర్ల సెట్టు 40, 50 వేల దాకా వస్తుంది. 62 వేల బండికి మూడో సెట్టు నడుస్తుంటే ఎందుకో అడగాలి.

సిటీ విషయంలో మీ తమ్ముడిది తప్పు కాదు, మూడింట్లో నడపడానికి హాయి అదే, డిక్కీ 510 లీటర్లు. కానీ తెలంగాణ నంబరు. రాష్ట్రం మారిన బండికి అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28 మీద ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తేవాలి, ఇక్కడ బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ కట్టాలి, కొత్త నంబరు వేయించాలి. 12 నెలలు మించి పాత నంబరుతో ఇక్కడ తిప్పకూడదు. ఇవన్నీ కలిపితే 4 లక్షల 40 వేలు కాస్తా మీ నాలుగున్నర దాటిపోతుంది. పైగా రిజిస్ట్రేషన్ 15 ఏళ్లే కాబట్టి 2029లో ఫిట్‌నెస్ చేయించి అయిదేళ్లకి రెన్యువల్ చేయించుకోవాలి. సీట్లు కిందికి ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్న మనిషి దిగేటప్పుడు చేతులు ఊని లేవాలి. అన్నట్టు, మీ వైపు పీవై 04 అనే యానాం నంబరు బండ్లు కూడా అమ్మకానికి వస్తుంటాయి. యానాం పక్కనే ఉన్నా అది పుదుచ్చేరి కిందికి వస్తుంది, కాబట్టి దానికీ ఇదే ఎన్‌వోసీ, ఇదే ట్యాక్స్. ధర తక్కువని ముందే సంబరపడకండి.

సీట్ల మాట వచ్చింది కాబట్టి, బండి చూడ్డానికి వెళ్లేటప్పుడు నాన్నగారిని తీసుకెళ్లండి. వెనక సీట్లో కూర్చోబెట్టి, ఎవరూ చెయ్యి ఇవ్వకుండా దిగమనండి. రెండుసార్లు. అమేజ్ వెనక సీట్లో కాళ్లకి చోటు బాగుంటుంది, పాత డిజైర్లో కాస్త ఇరుకు. డిక్కీలోనూ తేడా ఉంది: పాత డిజైర్ 316 లీటర్లు, అమేజ్ 400. మడత కుర్చీ, వాకర్ పెట్టుకునే ఇంటికి ఆ తేడా పనికొస్తుంది.

ఇప్పుడు అసలు పని. అమలాపురంలోనో రావులపాలెంలోనో ర్యాంపు ఉన్న సర్వీసింగ్ షెడ్డుకి బండిని తీసుకెళ్లి పైకెత్తించండి. అమ్మేవారు ఒప్పుకోకపోతే బేరం అక్కడితో ఆపేయండి. మన రోడ్ల మీద రొయ్యల లారీలు, చేపల వ్యాన్ల నుంచి ఐసు నీళ్లు, ఉప్పు నీళ్లు కారుతూనే ఉంటాయి. చెరువు గట్ల మీద తిరిగే బండికి అదే నీళ్ల బురద అడుగున అతుక్కుంటుంది. సముద్రం గాలి ఎటూ ఉంది. బురదలో ఉప్పు ఉన్నంతకాలం అది గాల్లో చెమ్మని పీల్చుకుంటూ ఇనుమును తడిగా ఉంచుతుంది. అందుకే పైన అద్దంలా మెరిసే బండి కింద కుళ్లిపోతుంది.

సైలెన్సర్ మీద, చక్రాల హబ్బు నట్ల మీద ఎర్రటి పొడి లాంటి తుప్పు ఉంటే కంగారు వద్దు, అది ప్రతి బండికీ ఉంటుంది. పెచ్చులు పెచ్చులుగా లేచే తుప్పు వేరు. ముందు ఇంజిన్‌ని మోసే క్రాస్‌మెంబర్, ముందు చక్రాన్ని పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ బిగించిన చోట్లు, తలుపుల కింద పొడవునా ఉండే రన్నింగ్ బోర్డు, వెనక యాక్సిల్ బీము, బ్రేకు పైపులు: ఈ అయిదు చోట్లా టార్చి వేసి చూడండి. స్క్రూడ్రైవర్ పిడితో రన్నింగ్ బోర్డు పొడవునా తట్టుకుంటూ వెళ్లండి. గట్టి రేకు "ఠంగ్" మంటుంది. లోపల తినేసిన చోట, లేదా లప్పం పెట్టి కప్పిన చోట "డబ్" మని మూగగా వినిపిస్తుంది. అక్కడ పెచ్చు లేస్తే, వేలికి రేకు మెత్తగా తగిలితే, ఎంత తగ్గించినా ఆ బండి వద్దు. బ్రేకు పైపు ఒక్కటే తుప్పు పడితే మార్చుకోవచ్చు, కానీ బేరంలో తీసివేసుకోండి, కొన్న వారంలోనే మార్పించండి. ఒకవేళ అడుగంతా తారు లాంటి నల్లటి అండర్ కోటింగ్ కొత్తగా కొట్టి ఉంటే, అమ్మే ముందు ఎందుకు కొట్టించారో అడగాలి. పాత తుప్పు మీద కోటింగ్ వేస్తే తడి లోపలే ఉండిపోయి ఇంకా వేగంగా తింటుంది. ప్రతి తలుపు కింది అంచునా వాన నీరు పోవడానికి చిన్న బొక్కలుంటాయి. అవి మట్టితో పూడుకుపోయి ఉంటే తలుపు లోపల నీళ్లు నిలిచాయన్నమాట. అంచు రబ్బరు ఎత్తి చూస్తే తెలుస్తుంది.

తుప్పు తర్వాత వరద. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2023 డిసెంబరులో చెన్నైలో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో కార్లు నీళ్లలో ఉన్నాయి. 2022 జులైలో మన లంకల్లోనే గోదావరి ఇళ్లలోకి వచ్చింది. నీళ్లలో మునిగిన బండిని ఆరబెట్టి, సీటు కవర్లు మార్చి, సెంటు కొట్టి అమ్మేస్తారు. ఆరు నెలలకో ఏడాదికో కనెక్టర్లలో పచ్చటి చిలుము పట్టి ఒకరోజు పవర్ విండో, ఒకరోజు స్టార్టింగు, ఒకరోజు ఏబీఎస్ లైటు అంటూ మొదలవుతుంది. ఏ ఎలక్ట్రీషియన్‌కీ అంతుపట్టదు.

దాన్ని పట్టుకోవడానికి సీటు బెల్టుని మించింది లేదు. నాలుగు బెల్టుల్నీ ఒక్కొక్కటిగా, ఇంక రాదు అనేదాకా పూర్తిగా బయటికి లాగండి. చివరి రెండు మూడు అడుగుల పట్టీ రోజూ వాడకంలో బయటికి రాదు, కాబట్టి కడిగేవాళ్లకీ గుర్తు రాదు. అక్కడ లేత టీ రంగులో అడ్డ గీత కనిపించినా, పట్టీ బిరుసుగా ఉన్నా, వాసన చూస్తే కాలవ బురద వాసన వచ్చినా, అంత ఎత్తున నీళ్లు నిలిచాయి. బెల్టు మీద కుట్టిన చిన్న గుడ్డ లేబుల్ మీద తయారీ తేదీ కూడా ఉంటుంది. బండి 2017ది, బెల్టు 2024ది అయితే ఎందుకు మార్చారో తెలియాలి. తర్వాత డ్రైవర్ సీటు కింద కార్పెట్ ఎత్తి చెయ్యి పెట్టండి, సీటు పట్టాల బోల్టులు చూడండి, డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంట అడుగు చూడండి. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి కొన్ని క్షణాల్లో ఆరిపోవాలి. ఆరకపోతే లోపం. అసలు వెలగకపోతే లోపాన్ని ఎవరో దాచారు. ఎయిర్‌బ్యాగుల్ని నడిపే పరికరం మామూలుగా గేరు రాడ్డు దగ్గర నేలమట్టానికే ఉంటుంది, నీళ్లొస్తే మొదట తడిసేవాటిలో అదొకటి. అసలు ఆ వేరియంట్‌కి ఎయిర్‌బ్యాగులు ఉన్నాయో లేదో కూడా అడగండి; 2019 జులైకి ముందు అమ్మిన కార్లలో కింది వేరియంట్లకి అవి తప్పనిసరి కాదు. ఉన్న వేరియంటే తీసుకోండి.

కోనసీమ బండి కాబట్టి పైకప్పు మీద కూడా చెయ్యి తిప్పండి. కొబ్బరి చెట్టు కింద పెట్టిన బండికి టాపు మీదో బానెట్ మీదో కాయ పడిన సొట్ట ఉంటుంది. సొట్ట ఉంటే నష్టం లేదు, లప్పం పెట్టి రంగు వేసి దాచిన సొట్టే కొన్నాళ్లకి పగిలి నీరు పీలుస్తుంది. పల్చటి గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం రేకుకి అంటుకుంటుంది, లప్పం మందంగా ఉన్న చోట జారిపోతుంది. బానెట్, ముందు ఫెండర్ల బోల్టుల తలలు చూడండి; రంగు చెదిరి స్పానర్ గుర్తులుంటే అవి ఎప్పుడో ఊడదీశారు. బానెట్ లోపల వైర్లకి కొత్త ఇన్సులేషన్ టేపు ఎక్కువగా చుట్టి ఉంటే ఎలుకలు కొరికాయి. ధాన్యం, కొబ్బరికాయలు నిల్వ ఉండే ఇళ్లలో ఇది మామూలే, కానీ ఎవరు, ఎలా అతికారన్నది ముఖ్యం.

ఇంజిన్ని చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయాలి. మీరు వెళ్లేసరికి బానెట్ వేడిగా ఉంటే టీ తాగి వచ్చేయండి, మర్నాడు పొద్దున్నే చెప్పకుండా వెళ్లండి. సైలెన్సర్లోంచి నీలి పొగ వస్తే ఇంజిన్ ఆయిలు తింటోంది. కూలెంట్ డబ్బాలో రంగు నీరు తేటగా ఉండాలి. తుప్పు రంగులో ఉంటే బోరు నీళ్లు పోశారు. మన బోర్లలో ఉప్పు ఎక్కువ, రేడియేటర్ లోపల గార పట్టి వేసవిలో హీటెక్కుతుంది. ఆయిల్ మూత లోపలి వైపు కాఫీ నురగలా ఉండి, కూలెంట్ కూడా తగ్గిపోతుంటే ఇంజిన్లో ఆయిలూ నీళ్లూ కలవకుండా ఆపే హెడ్ గ్యాస్కెట్ పోయిందని అనుమానించాలి. అమేజ్ పెట్రోలు ఇంజిన్‌కి ఉన్నది టైమింగ్ చెయిన్, బెల్టు కాదు, కాబట్టి ఇన్ని వేల కిలోమీటర్లకి మార్చాలన్న ఖర్చు లేదు. కానీ స్టార్ట్ చేయగానే గలగలమని రెండు మూడు సెకన్లు మించి మోగితే ఆయిలు సరిగ్గా మార్చలేదని అర్థం.

నడిపి చూసేటప్పుడు స్టీరింగు ఒక వైపు పూర్తిగా తిప్పి మెల్లగా గుండ్రంగా తిప్పండి, "టక్ టక్" మంటే యాక్సిల్ జాయింటు. స్పీడు బ్రేకర్ మీద "కట్ కట్" అంటే బుష్‌లు, లింక్ రాడ్లు, ఇవి చిన్న ఖర్చే. చించినాడ వంతెన లాంటి ఎత్తు ఎక్కేటప్పుడు నాలుగో గేరులో 40 మీద ఉంచి యాక్సిలరేటర్ గట్టిగా నొక్కండి. మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు అయిపోయింది. ఏసీ ఎర్రటి ఎండలో పావుగంట వేసి చూడండి, సముద్రం గాలికి కండెన్సర్ రేకులు చిలుము పట్టి గ్యాసు లీకవడం మన దగ్గర ఎక్కువ.

అమేజ్‌కి ప్రత్యేకంగా ఒక మాట. జనవరి 2018 రిజిస్ట్రేషన్ అంటే బండి 2017 చివర్లో తయారై ఉండొచ్చు, సీ బుక్కులో తయారీ నెల ఉంటుంది. బేరంలో దాన్ని 2017 బండిగానే లెక్కించండి. ఇంకా ముఖ్యం: 2017 చివరా, 2018లోనూ తయారైన హోండా కార్లలో ఫ్యూయల్ పంపు లోపం ఉందని కంపెనీ బండ్లని వెనక్కి పిలిచి (రీకాల్) ఉచితంగా మారుస్తోంది. మార్చకపోతే నడుస్తుండగా ఇంజిన్ ఆగిపోవచ్చు. ఛాసిస్ నంబరు చెబితే హోండా సర్వీస్ సెంటర్లో ఈ బండికి మార్చారో లేదో చెబుతారు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, కాబట్టి బండి చుట్టూ పెట్రోలు వాసన, పైపుల జాయింట్ల దగ్గర చెమ్మ ఉన్నాయేమో ఓసారి చూసుకోండి. మైలేజీ కూడా పాత బ్రోచర్లో రాసినంత రాదు.

కాగితాల్లో మొదట ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి ఓనర్ల సంఖ్య, ఫైనాన్స్, ఇన్సూరెన్స్ గడువు చూడండి. చలాన్లు విడిగా చూసుకోండి. ఫైనాన్స్ ఉంటే బ్యాంకు ఎన్‌వోసీ, అప్పు తీరిందని చూపే ఫారం 35 లేకుండా అడ్వాన్స్ మించి ఇవ్వద్దు. ఇన్సూరెన్స్ పాలసీ కాగితం తప్పక అడగండి. అందులో నో క్లెయిమ్ బోనస్ ఎంత శాతమో ఉంటుంది. ఒకే ఓనర్ చేతిలో ఇన్నేళ్లున్న బండికి 50 శాతం ఉంటే కనీసం అయిదేళ్లు క్లెయిమ్ లేదన్నమాట. సున్నా ఉంటే కిందటేడు క్లెయిమ్ చేశారా, పాలసీ తెగిపోయిందా అడగండి, క్లెయిమైతే దేనికో కాగితం చూపించమనండి. ఆ బోనస్ బండితో మీకు రాదు, అమ్మినవారి దగ్గరే ఉంటుంది. పేరు మార్పిడి కాగితాలైన ఫారం 29 రెండు కాపీలు, ఫారం 30 మీద సంతకాలు చేయించుకుని ఆర్టీవోలో వెంటనే పెట్టండి. మన రాష్ట్రంలోని బండి అయితే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో తెలియజేయాలి. పాలసీ మీ పేరు మీదికి మార్చడానికి గడువు 14 రోజులే, చాలామంది మర్చిపోయేది ఇదే.

ధర 4 లక్షల లోపు తెగ్గొట్టండి, టైర్లు పాతవైతే ఇంకో 18, 20 వేలు తగ్గించమనండి. మిగిలిన దాంట్లో 40 వేలు ముట్టుకోకుండా ఉంచండి. కొన్న వారంలో ఇంజిన్ ఆయిలు (3 నుంచి 4 లీటర్లు పడుతుంది), ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, కూలెంట్, బ్రేక్ ఫ్లూయిడ్, గేర్ ఆయిలు అన్నీ ఒకేసారి మార్పించండి. బ్రేక్ ఫ్లూయిడ్ గాల్లో చెమ్మని పీల్చుకుంటుంది కాబట్టి మన వాతావరణంలో రెండేళ్లకోసారి తప్పదు. పాలసీకి ఇంజిన్ ప్రొటెక్షన్ కలిపి తీసుకోండి. నీళ్లలో ఆగిన బండిని మళ్లీ స్టార్ట్ చేసి ఇంజిన్ లోపలి కనెక్టింగ్ రాడ్డు వంగితే మామూలు పాలసీ డబ్బు ఇవ్వదు. అలా ఆగితే తాళం ముట్టుకోకుండా తోయించి గట్టెక్కించి, మెకానిక్‌ని పిలవండి.

అమేజ్ అడుగు బాగోలేదని తేలితే డిజైర్ వైపు వెళ్లకండి. ఇదే ధరలో టొయోటా ఎటియోస్ పెట్రోలు వెతకండి, 2016 తర్వాతది. లోపల ప్లాస్టిక్ చవగ్గా ఉంటుంది, చూపుకి ఏమంత ఉండదు, కానీ సీట్లు ఎత్తుగా ఉంటాయి, డిక్కీ దాదాపు 590 లీటర్లు, ఇంజిన్ మొండిది. టాక్సీగా తిరిగి నంబరు ప్లేటు పసుపు నుంచి తెలుపుకి మార్చిన బండ్లు ఈ మోడల్లో ఎక్కువ, సీ బుక్కు చరిత్రలో అది కనిపిస్తుంది.

డబ్బు ఇచ్చి బండి తీసుకునే రోజున రెండో తాళం అడిగి తీసుకోండి, లేకపోతే కొత్తది ప్రోగ్రామ్ చేయించడానికి కొన్ని వేలవుతుంది. డెలివరీ రసీదు మీద తేదీతో పాటు టైము కూడా రాయించి ఇద్దరూ సంతకాలు పెట్టండి. ఆ పొద్దున్న పడిన చలానో, జరిగిన ప్రమాదమో ఎవరి మీదన్నది అప్పుడు ఆ గంటే తేల్చేది.